రెండింతలు కష్టపడమన్నారు, పడ్డాం... తర్వాత?

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి. మన గ్రూపులో నోటిఫికేషన్ల గురించి, కటాఫ్‌ల గురించి, రోస్టర్ పాయింట్ల గురించి చాలా రాసుకుంటాం. ఉద్యోగం వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాక మనిషికి ఏమవుతుందో మాత్రం ఎవరం రాయట్లేదు. ఇది దాని గురించే.

రాయడానికి కారణం ఒక తమ్ముడు. గురజాల వైపు తండా. బీకాం చదివాడు. రెండేళ్లుగా ఒక ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని చేస్తున్నాడు. ట్రాక్టర్లు, ఆటోలు, బైకుల కిస్తీలు వసూలు చేయాలి. వాడిని అడిగి, వాడు సరే అన్నాకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. పోయిన నెలలో ఒక రాత్రి పదకొండున్నరకి మెసేజ్ పెట్టాడు. "అక్కా, నేను ఈ పనికి పనికిరాను. నెలాఖరుకి మానేస్తా. ఇంట్లో చెప్పకు."

మానేస్తా అన్నందుకు నాకు పెద్ద కంగారు పుట్టలేదు. మానేస్తారు, ఇంకోటి చూసుకుంటారు. "పనికిరాను" అన్నాడు చూడండి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట మనోళ్ల నోట చాలాసార్లు విన్నాను. ఏఎన్ఎంగా చేసే చెల్లి అన్నది. బ్యాంకులో చేరిన అన్న ఆరు నెలలకి అన్నాడు. మన గురించి బయటివాళ్లు ఎప్పట్నుంచో అనే మాట కూడా అదే కదా. వాళ్లన్న మాటే మన నోటికి ఎలా వచ్చింది?

నా సంగతి కూడా చెప్పాలి. మాది బొల్లాపల్లి మండలంలో ఒక తండా. సచివాలయంలో ఉద్యోగం. దాంతోపాటు ఇగ్నోలో ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నాను. రెండో ఏడాది ప్రాజెక్టు "ఉద్యోగుల్లో పని ఒత్తిడి" మీద తీసుకున్నాను. కాబట్టి ఈ మధ్య చదివిందంతా ఇదే. తమ్ముడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొదట ఆ "పనికిరాను" సంగతి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ కొత్త కూర్పు తెచ్చినప్పుడు అందులో "బర్నౌట్" అనే దానికి వివరణ ఇచ్చింది. జబ్బు కాదు, పని వల్ల వచ్చే పరిస్థితి అని స్పష్టంగా రాశారు. ఎన్నాళ్లుగానో సర్దుబాటు కాని పని ఒత్తిడి వల్ల వస్తుందన్నారు. దానికి మూడు గుర్తులు చెప్పారు. ఒంట్లో శక్తంతా పిండేసినట్టు ఉండటం ఒకటి. పని మీద మనసు విరిగిపోయి, ఏదీ పట్టనట్టు, వెటకారంగా తయారవడం ఇంకొకటి. మూడోది, నేను చేసేది సరిగ్గా లేదు, నా వల్ల కాదు అనిపించడం. అంటే తమ్ముడు తన గుణం అనుకుంటున్నది నిజానికి ఆ మూడో గుర్తు. జ్వరం వచ్చినవాడు "నా ఒళ్లే వేడి ఒళ్లు" అనుకున్నట్టుంది.

ఈ మాట చెప్తే వాడు నమ్మలేదు. "లేదక్కా, నేను ఇంకా కష్టపడాలి" అన్నాడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మన ఇళ్లలో ప్రతిదానికీ ఒకటే మందు: రెండింతలు కష్టపడు. మా బాపు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేశాడు. పగలు బట్టీ, వచ్చాక కౌలు చేను. అలా అప్పు తీర్చి రెండెకరాలు కొన్నాడు. నన్ను హాస్టల్లో చేర్చిన రోజు గేటు దగ్గర చెప్పింది కూడా అదే. "వాళ్ల పిల్లలు ఒక గంట చదివితే నువ్వు రెండు గంటలు చదువు." చదివాను. ఆ మాట లేకపోతే నేను ఇక్కడ ఉండను. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ బాపుకి యాభై దాటేసరికి బీపీ, మోకాళ్లు పోయాయి, మెట్లెక్కితే ఆయాసం. మేమంతా దాన్ని వయసు అనుకున్నాం.

అమెరికాలో షెర్మన్ జేమ్స్ అని ఒక నల్లజాతి పరిశోధకుడు ఉన్నాడు. నార్త్ కరోలినాలో పనిచేసేటప్పుడు, 1978లో, ఒక ముసలి రైతుని కలిశాడు. ఆ రైతు పేరు జాన్ హెన్రీ మార్టిన్. చాలా పేద కుటుంబంలో 1907లో పుట్టాడు. బడికి సరిగ్గా పోలేదు, తనంతట తానే చదవడం రాయడం నేర్చుకున్నాడు. ఆ కాలంలో అక్కడి నల్లవాళ్లు దొరల భూమిలో పాలుకి చేస్తూ అప్పులో పుట్టి అప్పులో పోయేవాళ్లు. ఈయన ఆ అప్పులోంచి బయటపడాలని 75 ఎకరాలు కొన్నాడు. నలభై ఏళ్లలో తీర్చాల్సిన బాకీని రాత్రింబవళ్లు చేసి ఐదేళ్లలో తీర్చేశాడు. కథ ఇక్కడ ఆపితే మన మోటివేషన్ వీడియోల్లో పెట్టుకోవచ్చు. కానీ యాభైల చివరికొచ్చేసరికి ఆయనకి బీపీ, కీళ్ల జబ్బు, కడుపులో పుండు. పుండు ఎంత ముదిరిందంటే పొట్టలో నలభై శాతం కోసి తీసేయాల్సి వచ్చింది.

ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నాను. బట్టీ వాసన వచ్చినట్టే అనిపించింది.

అక్కడివాళ్లలో జాన్ హెన్రీ పేరుతోనే ఒక జానపద కథ కూడా ఉంది. రైలు సొరంగానికి సుత్తితో రాయి తొలిచే కూలీ ఆవిరి యంత్రంతో పోటీపడి గెలిచి, సుత్తి చేతిలో ఉండగానే పడి చనిపోతాడు. రైతు పేరు, కథలో కూలీ పేరు ఒకటే కావడంతో జేమ్స్ తన ఆలోచనకి "జాన్ హెన్రీయిజం" అని పేరు పెట్టాడు. ఎంత అడ్డం వచ్చినా నేను ఇంకా ఎక్కువ కష్టపడి దాటేస్తాను అనే పట్టుదలని కొలవడానికి ప్రశ్నలు తయారుచేశాడు. 1983లో వచ్చిన పేపర్లో ఆయన చూపించింది ఏంటంటే, ఈ పట్టుదల బాగా ఎక్కువుండి చదువు తక్కువున్న మగవాళ్లలో బీపీ ఎక్కువగా ఉంది. అంటే పట్టుదల ఒక్కటే చంపట్లేదు. వెనక ఏ ఆసరా లేకుండా, దారి తన చేతిలో లేకుండా పట్టుదల ఒక్కటే ఉంటే, ఆ బరువు ఒళ్లు మోస్తుంది. తర్వాత వేరేవాళ్లు చేసిన పరిశోధనలు కొన్ని దీనితో కలిశాయి, కొన్ని కలవలేదు. కాబట్టి దీన్నే వేదంలా పట్టుకోమనను. కానీ "ఇంకా కష్టపడతా" అనేదానికి కూడా ఒక ధర ఉంటుందని, ఆ ధర అందరికీ ఒకటే కాదని మన ఇళ్లలో ఎవరూ చెప్పలేదు కదా. అందుకే రాస్తున్నాను.

"మరి పెద్ద ఆఫీసర్లకి మనకంటే టెన్షన్ ఎక్కువ ఉంటుంది కదక్కా" అని తమ్ముడు అడిగాడు. అందరూ అలాగే అనుకుంటారు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద వైట్‌హాల్ అనే పరిశోధన 1967లో మొదలైంది. మైకేల్ మార్మట్ అనే డాక్టర్ పేరుతో అది అందరికీ తెలిసింది. అందరూ ప్రభుత్వ ఉద్యోగులే, ఆకలితో ఉన్నవాళ్లు ఎవరూ లేరు, అందరికీ ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. అయినా గుండెజబ్బుతో చనిపోవడం కింది మెట్టులో ఎక్కువ, పైకి పోయేకొద్దీ మెట్టు మెట్టుకీ తక్కువ. 1985లో రెండోసారి పదివేల మందికి పైగా ఆడ, మగ ఉద్యోగులతో మొదలుపెట్టినప్పుడు పని తీరు గురించి కూడా అడిగారు. తమ పని ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో చెప్పే వీలు లేనివాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. అంతకుముందే, 1979లో, రాబర్ట్ కారసెక్ ఇలాంటిదే చెప్పి ఉన్నాడు. పని బరువు ఎక్కువై, నిర్ణయం మాత్రం చేతిలో లేనప్పుడే మనిషి నలిగిపోతాడు. బరువు ఎక్కువున్నా నిర్ణయం చేతిలో ఉంటే అదే పని మనిషికి ఉత్సాహాన్ని కూడా ఇస్తుంది.

సచివాలయాల్లో పనిచేసే మనోళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి ఇళ్లకి పెన్షన్లు ఇచ్చే పని సచివాలయ సిబ్బంది మీదికి వచ్చింది. తెల్లారకముందే లేవాలి. డబ్బు సంచి, ఫోన్, వేలిముద్ర మిషను. పెన్షన్ ఇవ్వడం నాకు ఇష్టం. ముసలమ్మ నాలుగు వేలు లెక్కపెట్టుకుని కొంగులో కట్టుకుంటుంటే చూడటం బాగుంటుంది. కానీ మిర్చి కోతల రోజుల్లో మన తండాలకి పోయి చూడండి. కాయ కోసి కోసి వేళ్లు మండి, గీతలు అరిగి, ముద్ర పడదు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఈలోపు ఫోన్లో గ్రూపు మోగుతూనే ఉంటుంది, మీది ఎంత శాతం అయిందని. సిగ్నల్ నా చేతిలో లేదు, వేలు నా చేతిలో లేదు, టైము నా చేతిలో లేదు. సంజాయిషీ మాత్రం నాది. ఒకసారి పైనున్న ఒకాయన అందరి ముందూ "మీ తండావోళ్లదే ఎప్పుడూ లేటు" అన్నారు. ముద్రలు పడకపోవడానికి కారణం మిర్చి అయితే, మాట పడింది తండా మీద.

నా ప్రాజెక్టులో ఉదయ్ పరీక్ ప్రశ్నావళి వాడాను. అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠాలు చెప్పిన మన దేశపు సైకాలజిస్ట్. ఉద్యోగంలో వచ్చే ఒత్తిడిని పది రకాలుగా విడదీసి 50 ప్రశ్నలు పెట్టాడు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉంటాయి, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పేదాన్ని. "రోల్" అనే మాటని "పాత్ర" అన్నానో లేదో మా ఆఫీసులో ఒకావిడ "ఏ నాటకంలోనమ్మా?" అంది. అప్పట్నుంచి "మీ సీటు పని" అంటున్నాను. అందరికీ అర్థమవుతోంది.

ఆ పదిలో రెండు మూడు దగ్గర మాత్రం మనోళ్లు పెన్ను ఆపేవాళ్లు. ఒకటి, ఉద్యోగానికీ ఇంటికీ మధ్య లాగులాట. ఆ లాగులాట అందరికీ ఉంది. కానీ ఇల్లు అంటే ప్రశ్నావళిలో భార్యాభర్తా ఇద్దరు పిల్లలు. మనకి ఇల్లు అంటే తండా మొత్తం. ఒక్కరికి జీతం వస్తే ఆస్పత్రికి పోవాలన్నా, ఆధార్‌లో పేరు మార్చాలన్నా, పోలీస్ స్టేషన్‌కి పోవాలన్నా ఆ ఒక్కరికే ఫోను. యాడి నెలకి రెండుసార్లు అడుగుతుంది, "ఫలానా వాళ్ల పిల్లకి ఫీజు కట్టావా?" అని. కడతాను, కట్టాలి కూడా. నేను చదివినప్పుడు నాకు ఎవరో కట్టారు. కానీ ఆ లెక్క ఏ ప్రశ్నావళిలోనూ లేదు.

ఇంకొకటి ఒంటరితనం. పరీక్ చెప్పింది పనిలో మిగతావాళ్లతో సంబంధం తెగినట్టు ఉండటం గురించి. చాపకూడు పెట్టిన పల్నాడు అని బ్రహ్మనాయుడి కథ చెప్పుకుని గర్వపడతాం. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేటప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తే చాపకూడు ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. అందరూ అలా ఉండరు. నాకు సంతకం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నేర్పిన మేడమ్ మనవాళ్లు కాదు, ఆమె మేలు మర్చిపోను. కానీ పేరుండగా పేరు పెట్టి పిలవకుండా "ఏయ్ నాయక్" అని పిలిపించుకునే అన్నలు, "కోటాలో వచ్చింది కదా" అని నవ్వుతూనే అనిపించుకునే చెల్లెళ్లు ఈ పోస్టు చదువుతున్నవాళ్లలోనే ఉన్నారు. జర్మనీలో యోహానెస్ సీగ్రిస్ట్ అనే ఆయన 1996లో రాశాడు, పనికి మూడు రకాల ప్రతిఫలం ఉంటుందని: డబ్బు, గౌరవం, ఉద్యోగ భద్రతా ఎదుగుదలా. పడ్డ కష్టానికి ఇవి తూగకపోతే గుండె మీద పడుతుందన్నాడు. మనోళ్లలో చాలామందికి మొదటిది వస్తోంది. రెండోది బాకీ ఉంది. ఆ బాకీ తీర్చుకోవాలనే మనం రెండింతలు చేస్తాం. ఎంత చేసినా అది పే స్లిప్‌లో పడదు.

ఇప్పుడు తమ్ముడి పని. వాడికి గురజాల, దాచేపల్లి రూట్లు ఇచ్చారు. ఎందుకు ఇచ్చారంటే వాడికి గోర్ బోలి వస్తుంది కాబట్టి. ఆఫీసులో వాడు ఇంటికి ఫోన్ చేస్తే బయటికి పోయి మాట్లాడేవాడు, నలుగురూ నవ్వుతారని. అదే భాష వసూలుకి మాత్రం పనికొచ్చింది. తండాలో ఫైనాన్సోళ్ల బండి కనిపిస్తే మగవాళ్లు చేలకి పోతారు, ఆడవాళ్లు తలుపేస్తారు. వీడు మన భాషలో పలకరిస్తే తలుపు తీస్తారు. ఒక ముసలమ్మ మజ్జిగ ఇచ్చి, మంచం వేసి కూర్చోబెట్టి, మన బిడ్డవే కదా, కాయ అమ్మగానే కడతాం అంది. వీడు ఆ మజ్జిగ తాగి, ట్రాక్టర్ సీజ్ చేస్తామని చెప్పి రావాలి. చెప్పాడు. ఆ రాత్రే నాకు మెసేజ్ పెట్టింది.

ఆర్లీ హోషైల్డ్ అని అమెరికా సామాజికశాస్త్రవేత్త 1983లో ఒక పుస్తకం రాసింది. విమానంలో పనిచేసే అమ్మాయిలను, బాకీలు వసూలు చేసేవాళ్లను ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకరు లోపల ఎలా ఉన్నా నవ్వాలి. ఇంకొకరు లోపల జాలి ఉన్నా కటువుగా ఉండాలి. ఇద్దరూ జీతానికి అమ్ముతున్నది ఒంటి కష్టం ఒక్కటే కాదు, మనసు కూడా. రోజూ లేని భావం తెచ్చుకుని, ఉన్నది అణుచుకుంటూ ఉంటే, కొన్నాళ్లకి అసలు తనకేమనిపిస్తోందో తనకే తెలియకుండా పోతుందని ఆమె చెప్పింది. దీన్ని తమ్ముడికి చెప్పినప్పుడు ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాకు ఇప్పుడు ఇంటికెళ్లినా అమ్మతో ఆఫీసు గొంతే వస్తోందక్కా" అన్నాడు.

మరి ఏం చేయాలి? కంపెనీలు, ఆఫీసులు ఒక జవాబు చెప్తాయి: యోగా క్లాసు, ఒత్తిడి తగ్గించుకునే ట్రైనింగ్, ఫోన్లో యాప్. తమ్ముడి వాళ్లకి కూడా ఒక ఆదివారం పెట్టారట. ఉన్న ఒక్క సెలవూ పోయింది. నేను యోగాకి వ్యతిరేకం కాదు. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం చూసి 2024లో ప్రచురించాడు. ఇలాంటి క్లాసులకి, యాప్‌లకి వెళ్లినవాళ్లు వెళ్లనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. స్వచ్ఛంద సేవకి పంపిన చోట మాత్రం కాస్త తేడా కనిపించింది. ఒకే సమయంలో తీసిన లెక్క కాబట్టి ఇదే ఆఖరి మాట అనను. అయినా పని అలాగే ఉంచి మనిషిని మాత్రం సరిచేస్తామంటే కుదరదని నాకు అనిపిస్తోంది.

తమ్ముడితో నేను అన్నది ఇది. మానేయాలా వద్దా అనేది ఈ వారం తేల్చకు. నీకు చెల్లి ఫీజు ఉంది, ఇంట్లో బాకీ ఉంది. ముందు నీ పనిలో ఏ ముక్క నిన్ను తింటోందో రాసుకో. రాశాడు. బండి తోలడం కాదు, ఎండ కాదు, టార్గెట్ కూడా కాదు. మన తండాల్లో సీజ్ మాట చెప్పడం, రాత్రి తొమ్మిది దాటాక సార్ ఫోన్లు. అంతే, రెండు. మొత్తం ఉద్యోగానికే పనికిరాను అన్నవాడి కాగితం మీద చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. ఆ రెండూ అడగమన్నాను, నోటితో కాదు, మెయిల్‌లో, మర్యాదగా. "ఇంకా బాగా చేస్తాను సార్" అనే మాట మాత్రం అందులో రాయొద్దన్నాను. వాడు రాసిన మొదటి కాపీలో అది మూడుసార్లు ఉంది.

అందరికీ ఇలా అడిగే వీలుండదు, తెలుసు. అవుట్‌సోర్సింగ్‌లో చేసేవాళ్లు అడిగితే రేపట్నుంచి రావద్దంటారు. వాళ్లు ఒక్కరే అడగొద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి అడగండి. 2023 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో అంగన్వాడీ అక్కలు సమ్మెకి దిగి, ఎస్మా పెట్టినా వెనక్కి పోకుండా 42 రోజులు కూర్చున్నారు. వాళ్లలో మన తండాల ఆడవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరుగా అయితే సూపర్‌వైజర్ ముందు నోరెత్తలేని వాళ్లే వాళ్లంతా.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలనిపించకపోవడం దాకా వస్తే మాత్రం అడగడాలూ రాయడాలూ తర్వాత. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. నంబర్ 14416. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ రాత్రైనా ఎత్తుతారు. సిగ్గుపడకండి.

తమ్ముడు మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది. రాత్రి ఫోన్ల సంగతి మీద సార్ ఏమీ అనలేదు, అలాగే చేస్తున్నారు. గురజాల రూటు ఒకటో తారీఖు నుంచి ఇంకో అతనికి మార్చారు. దాచేపల్లి ఇంకా వీడిదే.